పెళ్ళికి బాప్తిస్మం కావాలంటున్నారు, ఉద్యోగానికి వద్దంటున్నారు

ప్రకాశం జిల్లా కొండపి వైపు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి సారాంశం ఇస్తున్నాం.

ఆమెకు 26 ఏళ్ళు. ఈమధ్యే డీఎస్సీలో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) పోస్టు వచ్చింది, ఎస్సీ కోటాలో. తండ్రి చీమకుర్తి క్వారీలో పనిచేస్తారు. తల్లి సీజన్లో పొగాకు బ్యారన్ దగ్గర కూలికి వెళ్తారు. ముత్తాతల కాలం నుంచి ఇంట్లో అందరూ బాప్టిస్టు సంఘానికి వెళ్ళేవాళ్ళే. ఈమెకు బళ్ళో ఒక పేరు, సంఘంలో ఇంకో పేరు. టీసీలోనూ కులం సర్టిఫికెట్‌లోనూ ‘హిందూ’ అని ఉంది. పసిపిల్లగా ఉన్నప్పుడు అయ్యగారు (పాస్టరు) ఎత్తుకుని ప్రార్థన చేశారే గానీ బాప్తిస్మం మాత్రం ఇంతవరకూ తీసుకోలేదు. పదో తరగతిలో తీసుకుంటానంటే తండ్రి “ఉద్యోగం రానీ” అన్నారు. ఉద్యోగం వచ్చాక “సర్వీసు రెగ్యులర్ కానీ” అంటున్నారు. సంఘంలో బల్ల (బాప్తిస్మం అయినవాళ్ళకే ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చే ఆదివారం తోటి ఆడపిల్లలందరూ ముందుకు వెళ్తుంటే తను చాప మీదే కూర్చుండిపోవాల్సి రావడం చిన్నప్పటి నుంచీ ముల్లులా గుచ్చుకుంటోందట.

ఇప్పుడు కావలి సంబంధం కుదిరింది. అబ్బాయి ప్రైవేటు ఉద్యోగి. వాళ్ళదీ ఒకప్పుడు ఇదే కులం, కానీ తాతగారి కాలంలోనే బీసీ-సి (క్రైస్తవంలోకి వెళ్ళిన ఎస్సీల గ్రూపు) సర్టిఫికెట్ తీసుకున్నారు. “మా ఇంట్లో దాపరికాలు లేవు, పెళ్ళి చర్చిలోనే” అని కాబోయే అత్తగారు తేల్చేశారు. బాప్తిస్మం లేనిదే పెళ్ళి చేయనని అయ్యగారూ అంతే గట్టిగా చెప్పారు. చివరి కోరికగా నాయనమ్మ అడుగుతున్నదీ అదే. ఇంకోపక్క, పొలం గట్టు దగ్గర పేచీ ఉన్న వరసకు బాబాయి “మీ అమ్మాయి నీళ్ళలో మునిగిన మర్నాడే ఒంగోలు గ్రీవెన్స్‌లో అర్జీ పెడతా” అని రచ్చబండ దగ్గర అన్నాడు. తమ్ముడు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు. తండ్రి స్నేహితుడొకాయన “గుళ్ళో తాళి కట్టించి నాలుగు ఫొటోలు దిగండి, ప్రార్థన తర్వాత ఇంట్లో పెట్టుకోండి” అని ఉపాయం చెప్పాడు. శుభలేఖ ప్రూఫు వచ్చింది. పైన ‘శ్రీరస్తు శుభమస్తు’ వేయాలో, బైబిల్ వాక్యం వేయాలో ఇంట్లో తేలక, ప్రెస్సు వాళ్ళు ఆ చోటు ఖాళీగా వదిలి మిగతాదంతా కంపోజ్ చేసి పంపారు.

“నేను మోసం చేస్తున్నానా? బాప్తిస్మం తీసుకుంటే ఉద్యోగం పోతుందా? అసలు నేను ఏ దేవుడికి మొక్కుకుంటే తహశీల్దారు ఆఫీసుకి ఎందుకు?” ఇవీ ఆమె ప్రశ్నలు.

*

అమ్మా, మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. మిగతా రెండూ దాని కడుపులోంచి పుట్టినవే.

రాజ్యాంగం 25వ అధికరణం మీ మనస్సాక్షిని మీకే వదిలేసింది. ఏ దేవుణ్ణి నమ్మినా, ఎవర్నీ నమ్మకపోయినా ప్రభుత్వం అడగడానికి లేదు. బాప్తిస్మానికి మీరు ఏ ఆఫీసులోనూ పర్మిషన్ తీసుకోనక్కర్లేదు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అదే 1950లో, ఆగస్టులో, రాష్ట్రపతి పేరుతో షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఒకటి వచ్చింది. అందులో మూడో పేరా ఒక షరతు పెట్టింది: హిందూ మతం కాక వేరే మతంలో ఉన్నవాళ్ళను షెడ్యూల్డ్ కులం వాళ్ళుగా లెక్కించరు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు ఇచ్చారు. క్రైస్తవులూ ముస్లింలూ ఇప్పటికీ బయటే ఉన్నారు. ఒక చేత్తో స్వేచ్ఛ ఇచ్చి, ఇంకో చేత్తో దానికి రేటు కట్టారన్నమాట. మీ దేవుడి సంగతి తహశీల్దారు ఆఫీసుకి చేరింది ఈ మూడో పేరా దారినే.

దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవాడు ఎవరో తెలుసా? మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై. సర్కారు చెప్పులు కుట్టేవాళ్ళకు ఉచితంగా బంకులు పంచింది. పక్కనే కూర్చుని అదే పని చేసే హిందువుకు వచ్చింది, క్రైస్తవుడని సూసైకి రాలేదు. 1985లో కోర్టు అతని పిటిషన్ కొట్టేసింది. మతం మారాక కూడా కులం వల్ల అంతే అణిచివేత ఉందని చూపించే ఆధారాలు ముందు పెట్టలేదు అంది. మీ ఊళ్ళో ఆదివారం చర్చికి వెళ్ళొచ్చినంత మాత్రాన సోమవారం మీ పల్లె జనాన్ని చూసే చూపు మారిపోతుందేమో మీరే చెప్పండి. నా మటుకు నాకు ఆ మూడో పేరా అన్యాయం. రంగనాథ్ మిశ్రా కమిషన్ కూడా 2007లో ఇచ్చిన నివేదికలో దాన్ని ఎత్తేయమంది. మన శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2022లో కేంద్రం ఈ సంగతి పరిశీలించమని జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఇవన్నీ చూసి ఆశపడొచ్చు. కానీ పెళ్ళి ముహూర్తం వీటి మీద పెట్టుకోలేం. విచారణాధికారి ముందు కూర్చున్నప్పుడు “చట్టమే అన్యాయం” అనే మాట అక్కరకు రాదు.

ఇక ‘మోసం’ సంగతి. మీ నాయనమ్మగారి సంఘం మూలం మీకు తెలిసే ఉంటుంది. 1876 నుంచి రెండేళ్ళు ఈ జిల్లాలో ఘోరమైన కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్కకు కాంట్రాక్టు తీసుకుని వేలమంది మాదిగలకు కూలి ఇప్పించాడు. ఆ కరువు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం ఎవరూ నీళ్ళలో దిగకూడదని ఆయన పట్టుదల. సాయం పంచడం అయిపోయాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండి ఇచ్చేటప్పుడు మతం అడగకూడదు, మతంలోకి వచ్చేటప్పుడు తిండి ఆశ ఉండకూడదు. ఇదీ ఆనాటి లెక్క. మీ సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు కదా, అదీ ఈ లెక్కలోదే. బుద్ధి తెలిసి, తనంతట తను ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది. బాప్టిస్టులు మొదట్నుంచీ సర్కారుతో పోట్లాడింది ఇందుకే. 1802లో అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ ‘మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ’ అని రాసింది కూడా డాన్‌బరీ అనే ఊరి బాప్టిస్టులకు జవాబుగానే. మన రాజ్యాంగం అలాంటి గోడ కట్టలేదు. ఇక్కడ ప్రభుత్వం గుళ్ళను దేవాదాయ శాఖ కింద నడుపుతుంది, హజ్‌కూ జెరూసలేముకూ సాయం చేస్తుంది, కులం సర్టిఫికెట్ దగ్గరకొచ్చేసరికి సంఘపు రిజిస్టరు తెమ్మంటుంది. ఆ గోడ కోసం కొట్లాడిన వాళ్ళ సంఘంలోనే పుట్టి, సర్కారు కాగితం కోసం మీరు బాప్తిస్మం వాయిదా వేసుకుంటున్నారు. ఇందులో మీ తప్పెంతని నన్నడిగితే, తక్కువే అంటాను. పదహారేళ్ళ పిల్ల సర్టిఫికెట్ మీద ఏ మతం రాయించాలో నిర్ణయించుకోలేదు. మీ నాన్నగారిది కపటం కూడా కాదు. రాళ్ళ దుమ్ములో పనిచేసే మనిషి, కూతురు కుర్చీలో కూర్చోవాలని పడిన పాట్లు అవి.

అయితే ఇప్పుడు మీకు పదహారేళ్ళు కావు. ఇకనుంచి మీరు పెట్టే సంతకాలు మీవే. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ఉద్యోగం గురించి. మీ ఇంట్లో అందరూ ఒక లెక్కలో ఉన్నారు: నీళ్ళలో దిగితే క్రైస్తవురాలు, దిగకపోతే హిందువు. అది సంఘం లెక్క. కోర్టు లెక్క వేరు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒకామె కేసులో తీర్పు చెప్పింది. ఆమెకు పసితనంలోనే బాప్తిస్మం అయింది, చర్చికి క్రమంగా వెళ్తోంది, ఉద్యోగం కోసం హిందువునంటూ ఎస్సీ సర్టిఫికెట్ అడిగింది. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసగించడమేనని కోర్టు గట్టిగా అంది. అక్కడ బాప్తిస్మం ఒక్కటే కాదు, చర్చికి వెళ్ళే అలవాటునూ లెక్కలోకి తీసుకున్నారు. దీనికి అటువైపు, 2021లో మద్రాసు హైకోర్టు ఇంకో మాట చెప్పింది. క్రైస్తవుణ్ణి పెళ్ళి చేసుకుని, తన క్లినిక్‌లో సిలువ తగిలించుకున్న డాక్టరమ్మకు సర్టిఫికెట్ రద్దు చేస్తే ఆ రద్దును కొట్టేసింది. భర్తతో చర్చికి వెళ్ళినంత మాత్రాన సొంత విశ్వాసం వదిలేసినట్టు కాదంది. మీరు ఈ రెండు తీర్పులకూ మధ్య ఎక్కడో ఉన్నారు. నిజం చెప్పాలంటే మొదటిదానికే దగ్గర. కాబట్టి బాప్తిస్మం వాయిదా వేస్తే మీ నాన్నగారు అనుకున్నంత రక్షణ రాదు. అలాగని బాప్తిస్మం తీసుకున్న మర్నాడే ఎవరూ వచ్చి ఉద్యోగంలోంచి తీసేయలేరు కూడా. అసలు ప్రశ్న ఒకటే: సర్టిఫికెట్ తీసుకుని, దాంతో ఉద్యోగంలో చేరిన రోజున మీరు ఏ మతంలో ఉన్నారు? బాప్తిస్మం లేకపోవడం అక్కడ మీకు కొంత బలమే. తర్వాత మతం మారితే, మారిన దగ్గర్నుంచి ప్రమోషన్ల వంటి చోట్ల ఎస్సీ సౌకర్యాలు వాడుకోకూడదు. మీ నియామక ఉత్తర్వులోని షరతులు తీసి నెమ్మదిగా చదవండి. మతం మారితే తెలియజేయాలని ఉంటే, తెలియజేయకపోవడమే పెద్ద నేరంగా మారుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

బాప్తిస్మం ఇప్పుడే తీసుకుని, శాఖకు రాసిచ్చి, బీసీ-సికి మారడం ఒకటి. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళకూ వాళ్ళ సంతానానికీ మన రాష్ట్రంలో ఆ గ్రూపు ఉంది. కానీ దానికి రిజర్వేషన్ 1 శాతం, ఎస్సీలకు 15. అంటే మీ పిల్లలు పోటీ పడే ద్వారం చాలా ఇరుకు. అట్రాసిటీ చట్టం రక్షణ కూడా పోతుంది. క్రైస్తవంలోకి వెళ్ళినవారికి అది వర్తించదని మన హైకోర్టు 2025లో చెప్పింది. దీని లాభం, రేపు ఎవరి బెదిరింపుకూ విలువ ఉండదు. నాయనమ్మ బతికుండగా బల్ల తీసుకుంటారు. నష్టం, మీరు రాసిచ్చే కాగితమే ‘మరి ఇన్నాళ్ళూ?’ అన్న విచారణకు తలుపు తీయొచ్చు. ఆ కాగితం లాయరు చూడకుండా ఇవ్వొద్దు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఒంగోలు కోర్టుకు వెళ్ళి అడగండి. సర్వీసు కేసులు చూసినవాళ్ళే కావాలని అడగండి.

బాప్తిస్మం మాట పక్కనబెట్టి పెళ్ళి చేసుకోవడం ఇంకో దారి. ఇక్కడ మీ ఇంట్లో ఎవరూ గమనించని సంగతి ఒకటుంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వధూవరుల్లో ఒక్కరు క్రైస్తవులైతే చాలు. బాప్తిస్మం షరతు ప్రభుత్వానిది కాదు, మీ అయ్యగారిది. ఆ షరతు పెట్టే హక్కు ఆయనకుంది. సర్కారు మన ప్రార్థనలోకి రాకూడదంటే, సంఘం తన నియమాలు తను పెట్టుకోవడాన్నీ మనం ఒప్పుకోవాలి. కానీ ఆయన కాదంటే, లైసెన్సున్న ఇంకో పాస్టరు చేయొచ్చు. లేదంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకోవచ్చు. ఏ మతమైనా ఎవరూ మారనక్కర్లేదు. అందులో చిక్కల్లా 30 రోజుల నోటీసు, అది ఆఫీసు గోడకు అంటిస్తారు, మీ బాబాయి లాంటివాళ్ళు వచ్చి తీరిగ్గా చదువుకోవచ్చు. చదివినా, వయసూ వరసా లాంటి చట్టం చెప్పిన కారణాల మీద తప్ప మతం మీద అభ్యంతరం చెల్లదు. ఆ తర్వాత ఇంటి ముందు షామియానా వేసి ప్రార్థన కూడిక పెట్టుకుంటే అత్తగారు ఎంతవరకు మెత్తబడతారో మీ కాబోయే ఆయన్నే కనుక్కోమనండి. ఇంతవరకు ఆయన మీ ఉత్తరంలో ఒక్క మాటా మాట్లాడలేదు, గమనించారా? “మా ఇంట్లో దాపరికాలు లేవు” అనడం అత్తగారికి తేలికే. వాళ్ళ తాతగారు కట్టాల్సిన మూల్యం ఎప్పుడో కట్టేశారు, ఇప్పుడు కట్టాల్సింది మీరు. ఆ తేడా ఆవిడకు చెప్పాల్సినవాడు కొడుకే.

గుడి ఫొటోల ఉపాయం మాత్రం ముట్టుకోకండి. నేను దేన్నీ వద్దని తేల్చి చెప్పను గానీ దీన్ని చెబుతున్నాను. హిందూ వివాహ చట్టం కింద పెళ్ళి చెల్లాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. క్రైస్తవుడు హిందూ అమ్మాయికి గుళ్ళో తాళి కట్టి, రిజిస్టరు కూడా చేయించుకున్న పెళ్ళి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసే అది. అంటే ఉద్యోగం కాపాడుకుందామని పోయి పెళ్ళినే పోగొట్టుకుంటారు. పైగా గుడి ఫొటో, ప్రార్థన ఫొటో రెండూ సాయంత్రానికల్లా ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటాయి. విచారణలో అంతకు మించిన సాక్ష్యం ఇంకేం కావాలి?

ఏదీ తేల్చుకోకుండా పెళ్ళే కొన్ని నెలలు వాయిదా వేసుకోవచ్చు. లాయరును కలవడానికీ, ఉత్తర్వు చదవడానికీ, మనసు తేల్చుకోవడానికీ టైము దొరుకుతుంది. నాయనమ్మగారి ఆరోగ్యం అందుకు ఒప్పుతుందో లేదో మీకే తెలుసు.

బాబాయి సంగతి. ఆయన అర్జీ పెట్టొచ్చు, ఎవరైనా పెట్టొచ్చు. కానీ అర్జీ పడగానే సర్టిఫికెట్ రద్దయిపోదు. ఆ అధికారం కలెక్టరుది. జిల్లా స్థాయి కమిటీ విచారించాలి, మీకు నోటీసు ఇవ్వాలి, మీరు చెప్పేది వినాలి. కిందిస్థాయి వాళ్ళు ఊళ్ళోకి వచ్చి ఇరుగుపొరుగును అడుగుతారు, సంఘపు రిజిస్టరు చూస్తారు, శుభలేఖ కూడా అడిగినా అడుగుతారు. ఈ కార్డు భయమే మీ ఇంట్లో అందర్నీ తినేస్తోంది. పైన ఏమీ వేయకుండా, పేర్లూ తేదీ స్థలం మాత్రం వేసి అచ్చేయించడంలో తప్పేం లేదు, అలా చాలామంది వేస్తున్నారు. అది అబద్ధం కాదు. ‘శ్రీరస్తు’ వేయించడమే మీ విషయంలో అబద్ధం. గట్టు తగాదా మీద మాత్రం మీ నాన్నగారు సర్వేయర్ని పెట్టించి కొలిపించేస్తే మంచిది. ఆ పేచీ తీరితే బాబాయికి మీ బాప్తిస్మం మీద అంత ఆసక్తి ఉంటుందని నాకు అనిపించడం లేదు.

తమ్ముడి భయం సగం నిజం. ఎవరి మతం వారిదే, మీరు మారితే తను మారినట్టు కాదు. కానీ ఒకరి మీద విచారణ అంటే ఇల్లంతా తిరగేస్తారు. అందుకని మీరేం చేసినా వాడికి ముందే చెప్పండి. పరీక్షకు దరఖాస్తు పెట్టేటప్పుడు మతం గడిలో ఏం రాస్తాడో వాడే ఆలోచించుకోవాలి, మీ నాన్నగారు కాదు.

బాప్తిస్మం తీసుకోవాలా వద్దా అన్నది నేను చెప్పే విషయం కాదు, అయ్యగారూ నాన్నగారూ చెప్పేదీ కాదు. తీసుకోవాలనిపిస్తే ముందు అయ్యగారి దగ్గర కూర్చుని, పెళ్ళి ప్రస్తావన లేకుండా ఒకసారి మాట్లాడండి. పెళ్ళి కోసం ఇచ్చే బాప్తిస్మం కరువులో కూటి కోసం ఇచ్చినదానికి ఎంత దూరమో ఆయనకూ గుర్తుచేయొచ్చు. ఒంగోలు సంఘం మనిషి కాబట్టి ఆయనకు క్లౌ కథ మీకన్నా బాగా తెలిసే ఉంటుంది.

ఈలోగా మండలాఫీసు నుంచి ఎవరైనా ఫోన్ చేసి “ఊరికే ఒక సంతకం అమ్మా, ఫార్మాలిటీ” అంటే వెళ్ళకండి. నోటీసు కాగితం మీద రాసి పంపమనండి. వచ్చాక దాని జిరాక్సు తీసుకుని, లాయరుకు చూపించి, అప్పుడు జవాబు రాయండి.